తమ్మీ, పోరడు పుస్తకం మూసినంక ఏం చెప్తుండో అది చూడు

తమ్మీ,

మొన్న ఫోన్ల నువ్వన్న మాట మనసుల్నుంచి పోతలేదు. "అక్కా, పోరడు పొద్దస్తమానం పుస్తకం ముంగట్నే ఉంటుండు, పదో తరగతి ప్రీఫైనల్‌ల మార్కులు జూస్తే ఏం లేవు, వీనికి చదువు అబ్బదేమో" అన్నవు. గట్ల అనకు. అల్లుడు మంచిగనే కూసుంటుండు, కష్టపడుతుండు, గని రివిజన్ ఎట్ల చెయ్యాల్నో వానికి ఎవ్వరు కూసోబెట్టి చూపెట్టలే. స్కూళ్ల సిలబస్ అయిపోంగనే ఇగ రివిజన్ చేస్కోండ్రి అంటరు, పిల్లలు ఇంటికొచ్చి అదే పాఠం మల్ల మొదట్నుంచి చదువుతరు, గీతలు గీస్తరు, మల్ల చదువుతరు, చదివిందే చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటది, ఎగ్జామ్ హాల్ల కూసున్నంక ఏం యాదికి రాదు. హైస్కూల్ల ఇన్నేండ్లు ఫిజికల్ సైన్స్ చెప్పిన కదా, పదో తరగతిల ఏటేటా నేను చూసింది ఇదే.

అందుకే చెప్తున్న, పుస్తకం ఎన్ని గంటలు ముంగట ఉందని లెక్కపెట్టుడు బంద్ జెయ్యి. మూసినంక వాడు ఏం చెప్తుండు, ఏం రాస్తుండు, అది చూడు.

ఇయ్యాల మాపటికి ఒక పని చెయ్యి. బయాలజీల ఎక్స్‌క్రీషన్ పాఠం ఉంటది, మూత్రపిండాలది. అది వానిని ఒక ఇరువై నిమిషాలు చదువుకోమను, తర్వాత పుస్తకం నువ్వు తీస్కో, వాని చేతిల తెల్ల కాయితం, పెన్సిల్ పెట్టు, నెఫ్రాన్ బొమ్మ, అంటే మూత్రపిండంల రక్తం వడకట్టే సన్న గొట్టం బొమ్మ, గీసి భాగాల పేర్లు రాయుమను. ముందుగాల్నే చెప్తున్న, వాడు గ్లోమరులస్ రాస్తడు, బౌమన్ క్యాప్సూల్ రాస్తడు, హెన్లీ లూప్ కాడికి వచ్చి ఆగుతడు, "తెలుసు నాయినా, నోట్ల ఉంది, వస్తలేదు" అంటడు, పుస్తకం ఇయ్యుమని చెయ్యి చాపుతడు. అప్పుడు ఇయ్యకు. రెండు నిమిషాలు సప్పుడు జెయ్యకుండ కూసో, వానినే తిప్పలపడి యాదికి తెచ్చుకోనియ్యి. ఆ తిప్పల పడుడే అసలు రివిజన్. రాకపోతే రాకపాయె, అప్పుడు పుస్తకం తెరిచి విడిచిపెట్టినయి పచ్చ పెన్నుతోని నింపుమను. మల్ల ఎల్లుండి తెల్ల కాయితం మీద అదే బొమ్మ మొదట్నుంచి. పచ్చ గీతలు తక్కువైతున్నయంటే చదువు ఎక్కుతున్నట్టు, వానికి కూడ కండ్ల ముంగట కనవడుతది, నువ్వు చెప్పే పనే ఉండదు.

నాకు బయాలజీ రాదక్కా అంటవు. నీకు రావాల్సిన పనే లేదు తమ్మీ, పుస్తకం నీ చేతిల ఉంటది కదా, వాడు చెప్పింది అందుల ఉందా లేదా చూసుడే నీ పని. మరదలు వంట చేసుకుంటనే అడగొచ్చు, "ఇయ్యాల స్కూల్ల ఏం చెప్పిన్రు, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అంటే చాలు. తెల్వనోళ్లకు చెప్పాల్నంటే వాడు సొంత మాటలల్ల చెప్పాలె, బట్టీ పట్టింది అక్కడ పనిచెయ్యదు.

ఇది నా సొంత ముచ్చట కూడ గాదు. అమెరికాల రోడిగర్, కార్పికే అని ఇద్దరు 2006ల కాలేజీ పిల్లలతోని ఒక పరీక్ష చేసిన్రు. కొందరితోని ఒక పాఠం మల్ల మల్ల నాలుగు దఫాలు చదివిపిచ్చిన్రు, ఇంకొందరికి ఒకే దఫా చదువనిచ్చి తర్వాత మూడు సార్లు చూడకుండ యాదికి తెచ్చుకోని రాయుమన్నరు. ఐదు నిమిషాలకు అడిగితే ఉత్తగ చదివినోళ్లే ముందున్నరు, వాళ్లకు నూటికి 83 గుర్తుంటే రాసినోళ్లకు 71. అదే వారం తర్వాత అడిగితే చదివినోళ్లకు 40 మిగిలింది, రాసినోళ్లకు 61. పిల్లలు ఎక్కడ మోసపోతున్నరో ఇందుల్నే ఉంది చూడు, చదివిన ఐదు నిమిషాలకు అంతా వచ్చినట్టే ఉంటది, ఆ ధైర్యంతోని పుస్తకం పక్కకు పెడ్తరు, ఎగ్జామేమో వారాలు పోయినంక ఉంటది.

ఇగ రెండోది, ఒక్కనాడే ఒక్క సబ్జెక్టు పొద్దంత రుద్దకు. నువ్వు రైతువు, నీకు నేను చెప్పాల్నా, చేనుకు నెలకు సరిపోయే నీళ్లు ఒక్కనాడే పెడ్తమా? జర్మనీల ఎబ్బింగ్‌హాస్ అని ఒకాయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనకు తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నడో లెక్క గట్టి 1885లనే చెప్పిండు, మర్చిపోవుడు మొదటి రోజుల్నే మస్తు జరుగుతది, తర్వాత నిమ్మలమైతది. అందుకే ఇయ్యాల రాసింది ఎల్లుండి ఒకసారి, వారానికి ఒకసారి, మల్ల పదిహేను రోజులకు ఒకసారి అడగాలె. రెండోసారి మూడోసారి పావుగంటల అయిపోతది, భయపడేటంత పని గాదు. క్యాలెండర్ ఇంట్ల గోడకు ఉంటది కదా, పాలు, గ్యాస్ బండ రాసుకునేదే, దాంట్లనే ఏ తారీకున ఏ పాఠం అడగాల్నో వానితోనే రాపియ్యి. నువ్వు రాస్తే అది నీ టైంటేబుల్ అయితది, మూడొద్దులు కూడ నడువది.

మిర్చి ఏరుడు ఇదే టైంకు వస్తదని నాకెరుకే. కూలోళ్లు దొరకరు, నువ్వు మరదలు పొద్దుగాల్నే చేన్లకు పోతరు, ఎనుమాముల మార్కెట్‌కు పోయిన్నాడైతే ఇంటికి ఎప్పుడొస్తవో తెల్వది. వానిని ఆదివారం చేన్లకు తోల్కపోతే పోనియ్యి, అందుల తప్పు లేదు, గని పరీక్షల ముందట నెల మాత్రం స్కూల్ పెట్టే స్పెషల్ క్లాస్ ఎగ్గొట్టిపియ్యకు. నువ్వు ఇంట్ల లేనినాడు రాసిన కాయితం సంచిల పెట్టుమను, రాత్రి అన్నం తినేటప్పుడు చూడు. పది నిమిషాలు చూసినా చాలు, చూస్తున్నవని వానికి తెలిస్తే సగం పని అయినట్టే. జాతర ఉన్న ఏడు అయితే మేడారం పోవద్దని కూడ ఆపకు, అమ్మలకు మొక్కి రెండొద్దులల్ల వచ్చినంత మాత్రాన చదువు ఎటు పోదు, ఇంట్ల కూసోబెడితే మనసంతా అక్కడ్నే ఉంటది.

మ్యాథ్స్ సంగతి జర ఎక్కువ చెప్పాలె. మ్యాథ్స్‌ల 14 చాప్టర్లున్నయి, పిల్లలు ఒక ఎక్సర్‌సైజ్ పట్టుకోని లెక్కలన్ని ఒక్కతీరుగ చేసుకుంట పోతరు. క్వాడ్రాటిక్ ఈక్వేషన్ల, అంటే వర్గ సమీకరణాల పేజీల ఉన్నప్పుడు ఏ లెక్కయినా క్వాడ్రాటికే అని ముందే తెలుసు, ఫార్ములా వేస్తరు, వస్తది. పేపర్ల చాప్టర్ పేరు రాసి ఉండదు కదా తమ్మీ. "ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 70 చదరపు మీటర్లు, కొలతలు చెప్పు" అని ఉంటది, అది ఏ చాప్టర్దో పోల్చుకునుడే పెద్ద పని, పోల్చుకుంటే 7, 10 అని నిమిషంల వస్తది. అందుకే అన్ని చాప్టర్ల నుంచి లెక్కలు చిన్న చిన్న చిట్టీలల్ల రాసి, పాఠం పేరు రాయకుండ, ఖాళీ స్వీట్ డబ్బల వెయ్యుమను. రోజు కండ్లు మూసుకోని ఐదు తియ్యాలె, చెయ్యాలె. మొదట్ల తప్పులు మస్తు పోతయి, వానికి కోపమొస్తది, ఎక్సర్‌సైజ్‌లయితే అన్ని వస్తుండె అంటడు. పట్టించుకోకు, అట్లనే నడిపియ్యి.

తప్పులకు ఒక వేరే నోట్‌బుక్ ఉండాలె. వంద పేజీలది చిన్నది చాలు. ఫిజిక్స్‌ల లెన్స్ లెక్క ఉంటది, కాన్వెక్స్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ 20 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంల ఉంది, ఇమేజ్ ఎక్కడ పడుతది అని. వస్తువు దూరానికి మైనస్ పెడ్తే 60 వస్తది, మైనస్ మర్చిపోతే 12 వస్తది. తెలివైన పోరగాండ్లు కూడ 12 రాసి దర్జాగ అండర్‌లైన్ చేసి వస్తరు. గట్ల పోయినప్పుడు సరైన జవాబు చూసి "అయ్యో తెలిసిందే" అని పేజీ తిప్పేస్తే ఆ తప్పు మల్ల చేస్తడు, పక్కా చేస్తడు. నోట్‌బుక్‌ల ఆ లెక్క రాసి, కింద ఎందుకు తప్పైందో ఒక్క లైన్ తన మాటలల్ల రాయాలె, "యూ కు, అంటే వస్తువు దూరానికి, మైనస్ పెట్టలే" అని. ఎగ్జామ్ ముందటి రోజు పుస్తకమంత తిరగేసే కంటే ఈ చిన్న నోట్‌బుక్ చదువుకుంటే మేలు.

సోషల్ గురించి పెద్దగ చెప్పేది లేదు, మ్యాప్ రోజొకటి గీసి గుర్తులు పెట్టుమను, చూడకుండ. తెలంగాణ ఉద్యమం పాఠానికి మాత్రం మన నాయిన కాడ కూసోబెట్టు. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 2009 డిసెంబర్ 9 ప్రకటన, 2014 జూన్ 2, ఇవి ఉత్త తారీకులుగ ఎన్నిసార్లు చదివినా కలిసిపోతయి, 69ల వరంగల్ ఎట్లుండెనో తాత నోట విన్నంక పోవు. నాయినకు కూడ మంచిగ అనిపిస్తది.

ఫోన్ ముచ్చటకు వస్తే, గుంజుకోని పెట్టెల పెడ్తే వాడు దోస్తు ఫోన్ చూస్తడు. చదివేటప్పుడు ఫోన్ వేరే అర్రల ఉండాలె, అంతే, పక్కన బోర్ల పెట్టినా మనసు దాని మీదనే ఉంటది. యూట్యూబ్ల పాఠాలు మంచియి ఉన్నయి, కాదంట లేను, అర్థం కాని టాపిక్ ఉంటే చూడొచ్చు, గని గంట వీడియో చూసి "గంట చదివిన" అంటే ఒప్పుకోకు, వీడియో అయినంక తెల్ల కాయితం ఇయ్యి. వాట్సప్ గ్రూపులల్ల తిరిగే ఇంపార్టెంట్ కొశ్చన్లు, పేపర్ బయటికొచ్చిందనే పుకార్లు, వాటి ఎంబడి పడి పిల్లలు ఆగమైతరు. పాత పేపర్లు నమ్ముకోవాలె. పరీక్షలకు ఇరువై రోజుల ముందు నుంచి వారానికి రెండు పాత పేపర్లు, పొద్దుగాల 9:30 నుంచి 12:30 దాక, అసలు పరీక్ష టైంకే, లేవకుండ రాపియ్యి. 80 మార్కుల పేపర్ల పార్ట్ బీ బిట్లు 20 మార్కులుంటయి, చివరి అరగంటకు పెట్టుకునేది, పార్ట్ ఏ సాగదీసి ఆ అరగంట మింగేసుకున్న పిల్లలు ఎందరో. ఇంట్ల గడియారం పెట్టుకోని రాసినోనికి ఆ తిప్పలుండది. సైన్స్ అయితే ఫిజికల్ సైన్స్ ఒకనాడు, బయాలజీ ఒకనాడు, గంటన్నర చొప్పున, దానికి వేరేగ ప్రాక్టీస్ చెయ్యాలె, మూడు గంటల అలవాటు మీద పోతే సగంల బెల్లు కొడ్తది.

నిద్ర తక్కువ చెయ్యనియ్యకు. ఈ ఈడు పిల్లలకు ఎనిమిది గంటలన్న కావాలె. పన్నెండు దాక మేలుకోని నాలుగింటికి లేపుడు మనోళ్లకు అలవాటు, అది గొప్ప అనుకుంటరు, పగలు చదివింది రాత్రి నిద్రల్నే గట్టి పడుతది, నిద్ర చంపితే చదివింది కూడ పోతది. పొద్దుగాల లేస్తనంటే రాత్రి పదికి లోపల పండుకోవాలె, ఏదో ఒకటే. ఎండలు కూడ అప్పటికే మొదలైతయి, మధ్యాన్నం రేకుల అర్రల కూసోబెట్టకు, చెట్టు కింద మంచమేసి చదువుకోనియ్యి.

ఇప్పుడు చెప్పేది జర మనసు పెట్టి విను. చిన్నాయిన బిడ్డకు ఎన్నొచ్చినయి, పక్కింటోనికి ఎన్నొచ్చినయి అని వాని ముంగట అనకు. "ఫెయిలైతే మిర్చి ఏరుకోని బతుకు" అని కూడ అనకు, నువ్వు కోపంల అంటవు, వాడు రాత్రంత దాన్నే నెమరేస్తడు, ఇంకోటి, నువ్వు చేసే పనిని నువ్వే తక్కువ చేస్తున్నట్టయితది. ఒకవేళ ఒక సబ్జెక్టు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటది, అందుల పాసైతే ఏడాది పోదు, ఆ మాట పరీక్షల ముందే వాని చెవుల వెయ్యి. అన్నం సరిగ్గ తినకపోయినా, ఎవ్వరితోని మాట్లాడకపోయినా, బతికేం లాభం అసొంటి మాటలు వచ్చినా చదువు పక్కన పెట్టి ముందు పక్కన కూసో, టెలీ మానస్ అని సర్కార్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఏ టైంకైనా చెయ్యొచ్చు, పైసలు పడయి, నువ్వు చేసినా మాట్లాడుతరు. నాకు అర్ధరాత్రి చేసినా ఎత్తుత.

పరీక్ష రోజు పొద్దుగాల కొత్త పాఠం ముట్టనియ్యకు, తప్పుల నోట్‌బుక్ ఒక్కటి చాలు. హాల్ టికెట్, రెండు పెన్నులు, పెన్సిల్, స్కేలు రాత్రే ప్యాడ్ల పెట్టిపియ్యి, మొదటి రోజు సెంటర్ కాడికి నువ్వే బండి మీద తోల్కపో, అంతకుముందే ఒకసారి పోయి సెంటర్ చూసి రాండ్రి. బయటికొచ్చినంక గేటు కాడ దోస్తులతోని జవాబులు సరిచూసుకునుడు ఉంటది, అది వద్దని చెప్పు, అయిపోయిన పేపర్ల పోయిన నాలుగు మార్కులు తెల్సుకుంటే రేపటి పేపర్ల ఇంకో నాలుగు పోతయి. ఇంటికి తోల్కరా, అన్నం పెట్టు, గంట పండుకోనియ్యి, తర్వాత రేపటి సబ్జెక్టు.

అల్లుడు గీసిన నెఫ్రాన్ బొమ్మ, పచ్చ పెన్నుతోని సహా, ఫోటో తీసి నాకు వాట్సప్ పెట్టు. తిట్టనని చెప్పు వానికి. ఆదివారం పొద్దుగాల పది గంటలకు వీడియో కాల్ చేపియ్యి, లెన్స్ లెక్కలు నేనే చెప్త, మైనస్ ఎక్కడ పెట్టాల్నో, ఎందుకు పెట్టాల్నో ఒక్కసారి కూసుంటే అయిపోతది. మరదలిని, నాయినను అడిగిన్నని చెప్పు.

అక్క
హన్మకొండ