మంచు తోసే బండికి గేర్లా, ఆటోమేటిక్కా?

ప్రశ్న: అమెరికాలో బఫెలో దగ్గర మాకు ఒక గ్యాస్ స్టేషన్, పక్కనే చిన్న మోటెల్ ఉన్నాయి. రెండింటి పార్కింగ్‌లో మంచు తీయడం ఇన్నాళ్లూ కాంట్రాక్టుకు ఇచ్చాం. ఈ చలికాలం సొంత బండి పెట్టుకుందామనుకుంటే రెండు పాతవి బేరానికొచ్చాయి. ఒకటి 2016 రామ్ 2500, కమిన్స్ డీజిల్, ఆరు గేర్ల మాన్యువల్. రెండోది 2015 ఫోర్డ్ ఎఫ్-250, 6.2 లీటర్ల పెట్రోల్ ఇంజను, ఆటోమేటిక్. ఇండియాలో చాలా ఏళ్లు గేర్ల బండే నడిపాను. నాతోపాటు మా బావమరిది, రాత్రి డ్యూటీ కుర్రాడు కూడా నడుపుతారు. ఏది కొనమంటారు?

జవాబు: మీ పనికి ఎఫ్-250 కొనండి. రామ్ చెడ్డ బండి అని కాదు, మీ స్థలానికీ మీ మనుషులకూ అది పొసగదు.

పార్కింగ్‌లో మంచు తోయడమంటే కాసేపు ముందుకు, కాసేపు వెనక్కి. కొద్ది దూరం తోసి, కుప్ప దగ్గర ఆగి, బండి ముందు బిగించిన మంచు బ్లేడు ఎత్తి, రివర్సులో వచ్చి, బ్లేడు దించి, కోణం మార్చి మళ్లీ తోయాలి. పెట్రోల్ పంపుల చుట్టూ, గదుల ముందు ఆగిన కార్ల మధ్యా ఈ తిరుగుడు ఇంకా ఎక్కువ. మాన్యువల్ బండిలో ఇలా ఆగి కదిలిన ప్రతిసారీ క్లచ్ కొంత జారుతూ పట్టుకుంటుంది. ఎదురుగా మంచు బరువు ఉంటే మరింత జారుతుంది. మామూలు రోడ్డు మీద ఏళ్లపాటు వచ్చే క్లచ్ ప్లేటు, నేర్పు లేని డ్రైవరు చేతిలో ఒకే సీజనులో అరిగిపోవచ్చు. పైగా ఈ రామ్‌లో ఉండే జీ56 గేర్‌బాక్సుకు కంపెనీ ఇచ్చేది రెండు ముక్కల ఫ్లైవీలు (ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం). వాటి మధ్య ఉండే స్ప్రింగులు పదే పదే తగిలే కుదుపులకు వదులవుతాయి. దాన్ని మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ కేసుతో (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) సహా గేర్‌బాక్సు మొత్తం దించాలి. చాలామంది దాని బదులు ఒకే ముక్క ఫ్లైవీలు వేయిస్తారు. అది గట్టిదే కానీ, న్యూట్రల్‌లో ఇంజను ఆడుతున్నప్పుడు గేర్లు గలగలలాడతాయి.

ఇక చేతుల సంగతి. బ్లేడును ఎత్తే, దించే, తిప్పే మీటను కుడిచేత్తోనే ఆడించాలి. అమెరికా బండిలో గేరు కర్ర కూడా కుడిచేతి వైపే. రివర్సు గేరు వేస్తూ బ్లేడు ఎత్తడం, స్టీరింగు తిప్పడం, వెనకాల మనిషిగానీ కారుగానీ ఉందేమో చూడడం అన్నీ ఆ ఒకటి రెండు సెకన్లలోనే జరగాలి. ఇండియాలో మీకున్న గేర్ల అలవాటు ఎడమచేతిది, ఇక్కడ అది పూర్తిగా అక్కరకు రాదు. మీరు నేర్చుకుంటారేమో గానీ తెల్లవారుజామున మూడింటికి నిద్రమత్తులో ఉండే కుర్రాడి మీద అంత భారం పెట్టకండి. ముగ్గురు నడిపే బండికి క్లచ్ పెడితే, ముగ్గురిలో బాగా రానివాడు ఎంత నిలుపుతాడో అంతే నిలుస్తుంది.

ఇంకొకటి, ముందు ఇరుసు మీది బరువు. కమిన్స్ ఇంజను ఒక్కటే వెయ్యి పౌండ్లకు పైమాటే. దాని ముందు ఇంకో ఏడెనిమిది వందల పౌండ్ల బ్లేడు తగిలిస్తే ముందు స్ప్రింగులు, బాల్ జాయింట్లు త్వరగా పోతాయి. ఏ బండి కొన్నా డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ముందు ఇరుసు ఎంత మోయగలదో చూడండి. బ్లేడు బిగించాక తూకం వేయించి, ఆ అంకె దాటలేదని తేల్చుకోండి. వెనక ఇరుసుకు ఆవల, సామాను తొట్టి చివర ఇసుక మూటలు పెట్టి కదలకుండా కట్టేస్తే ముందు భారం కొంత తగ్గుతుంది, వెనక చక్రాలకు పట్టు వస్తుంది.

ఎఫ్-250 చూడడానికి వెళ్లినప్పుడు ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేయండి. బ్రేకు నొక్కి పట్టుకుని డీ (ముందుకు) నుంచి ఆర్‌కు (రివర్సు), ఆర్ నుంచి డీకి మార్చండి. రెండు సెకన్లకు మించి ఆలోచించినా, ధడేల్‌మని తగిలినా లోపల అరుగుదల ఉన్నట్టే. బండి బాగా వేడెక్కాక ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ తీసి నూనె చూడండి. ఎరుపు నిలిచి ఉంటే మంచిది, గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే ఆ బేరం వదిలేయండి. మట్టి నేల మీద ఫోర్-హై (నాలుగు చక్రాల మామూలు గేరు), ఫోర్-లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపేది) రెండూ పడుతున్నాయో లేదో చూడడం మరవకండి. కంపెనీ నుంచే మంచు బ్లేడు ప్యాకేజీతో వచ్చిన బండైతే ముందు స్ప్రింగులు గట్టివి ఉంటాయి. అలాంటిది దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

మాన్యువల్‌కూ తగిన చోటు ఉంది. పల్లెలో పొడవాటి సొంత దారి, అందులో వాలు, నడిపేది ఒక్కరే అయితే అది చక్కగా పనిచేస్తుంది. ఫోర్-లోలో రెండో గేరు వేసి, కాలు క్లచ్ మీంచి పూర్తిగా తీసేసి తోసుకుపోవచ్చు. దిగుడులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రేకు తొక్కి జారే గొడవ తక్కువ. అయితే ఫోర్డ్ ఈ తరగతి పికప్పుల్లో 2010 మోడలు తర్వాత, రామ్ 2018 మోడలు తర్వాత మాన్యువల్ ఆపేశాయి. దొరికేవన్నీ పాతవే, వాటి పని బాగా తెలిసిన మెకానిక్కులూ తగ్గుతున్నారు.

ప్రశ్న: మా ఆటోమేటిక్ పికప్‌తో గంటసేపు మంచు తోశాక ట్రాన్స్‌మిషన్ వేడి 230 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. రోడ్డు మీద 180 దాటదు. బండిలో లోపమా?

జవాబు: లోపం కాకపోవచ్చు, నడిపే తీరు చూడాలి. ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టరు నూనె ద్వారా బలాన్ని అందిస్తుంది. రోడ్డు మీద వేగం అందుకున్నాక అది లాక్ అయిపోతుంది, వేడి తక్కువ. మంచు తోసేటప్పుడు వేగం ఉండదు, బరువు మాత్రం నిండుగా ఉంటుంది. కన్వర్టరు లాక్ కాకుండా జారుతూనే ఉంటుంది, ఆ జారుడంతా నూనెలో వేడిగా మారుతుంది. 220 దాటిన చోట ఎక్కువసేపు ఉంటే నూనె ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది. ఇంకా పెరిగితే రబ్బరు సీళ్లు గట్టిపడి, లోపలి క్లచ్‌లకు ఒత్తిడి అందక జారడం మొదలవుతుంది.

ముందు ఫోర్-లోకు మారండి. అక్కడ చక్రాలకు అందే బలం దాదాపు 2.7 రెట్లవుతుంది కాబట్టి కన్వర్టరు అంతగా జారక్కర్లేదు. గంటకు 10 మైళ్లు దాటకండి. టో/హాల్ (బరువు లాగేటప్పుడు వాడేది) మీట ఉంటే నొక్కండి. నిండు వెడల్పున తోయకుండా సగం, ముప్పావు వెడల్పున తీసుకోండి. కుప్ప దగ్గరికి రాగానే యాక్సిలరేటరు వదిలి, బ్లేడు ఎత్తుతూ ఆగండి. బండి కదలకపోయినా తొక్కుతూ నిలబడడమే అన్నిటికన్నా వేడి పుట్టించే పని.

ఆర్ గానీ డీ గానీ వేసే ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి, ఈ మాట బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి. వెనక్కి వస్తూ, చక్రాలు ఇంకా తిరుగుతుండగానే డీలోకి లాగితే లోపలి క్లచ్‌లు, యూ-జాయింట్లు, ట్రాన్స్‌ఫర్ కేసు గొలుసు అన్నీ ఒక్కసారిగా ఆ దెబ్బ తింటాయి. మంచు బండ్లలో ఆటోమేటిక్‌లు పాడయ్యేది ఎక్కువగా ఈ తొందర వల్లే.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేటప్పుడు ఎత్తిన బ్లేడు రేడియేటరుకు గాలి అడ్డేస్తుంది. దాన్ని కొంచెం దించి, ఒక పక్కకు పూర్తిగా తిప్పి నడపండి. వేడి బాగా పెరిగితే ఇంజను ఆపేయకండి. హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజనును 1,000 నుంచి 1,200 ఆర్‌పీఎం మీద కొన్ని నిమిషాలు ఆడనివ్వండి. పార్క్ కన్నా న్యూట్రలే మేలు, కొన్ని బండ్లలో పార్క్‌లో ఉంటే కూలరుకు నూనె వెళ్లదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అదనపు కూలరు వేయించండి. థర్మోస్టాట్ బైపాస్ (నూనె చల్లగా ఉంటే కూలరును దాటవేసే ఏర్పాటు) ఉన్నదే అడగండి, లేకపోతే గడ్డకట్టే చలిలో నూనె మరీ చల్లబడి చిక్కనవుతుంది. 230 దాకా వెళ్లిన నూనెను ఈ సీజను ముగియగానే మార్చేయండి. పాన్ (అడుగున నూనె నిలిచే పళ్లెం) దించి తీస్తే కన్వర్టరులోది అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లు నడిపి రెండోసారి కూడా మార్చించండి.

ప్రశ్న: మా అబ్బాయి చలికాలంలో కౌంటీ మంచు ట్రక్కు ఉద్యోగానికి సీడీఎల్ (పెద్ద వాహనాలు నడిపే కమర్షియల్ లైసెన్సు) తీసుకోవాలనుకుంటున్నాడు. పరీక్ష ఆటోమేటిక్ ట్రక్కులో ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవచ్చు. కానీ లైసెన్సు మీద ‘ఈ’ అనే పరిమితి పడుతుంది. సీడీఎల్ కావలసిన ట్రక్కుల్లో మాన్యువల్ గేర్లవి అతను నడపకూడదని దాని అర్థం. ఆ కౌంటీ దగ్గరున్న ట్రక్కులన్నీ ఆటోమేటిక్‌లైతే ఇబ్బంది లేదు, ముందుగా అడిగి తెలుసుకోమనండి. తర్వాత తీసేయించుకోవాలంటే మాన్యువల్ ట్రక్కులో మళ్లీ డ్రైవింగు పరీక్ష ఇవ్వాలి.

ప్రశ్న: సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్సున్న ఆల్-వీల్-డ్రైవ్ కారుకు చిన్న బ్లేడు బిగించుకోవచ్చా?

జవాబు: వద్దు. లోపలి బెల్టు లేదా గొలుసు పుల్లీలను పట్టి తిరిగేది రాపిడితోనే. కుప్పకు గుద్దుకున్న కుదుపుకు అది జారి పుల్లీని గీరేస్తుంది, ఆ తర్వాత మొత్తం యూనిట్ మార్చాల్సి రావచ్చు. ఫ్రేము లేని కారులో బ్లేడు బిగించడానికి గట్టి ఆధారం కూడా దొరకదు. ఇంటి ముందు దారి ఒక్కటే అయితే రెండు దశల స్నో బ్లోయరు కొనుక్కోండి.