ఇంజను కొనకు, బండి కొను

చిరంజీవి వేణుకి,

మామయ్య ఆశీస్సులు.

బావగారి పాత మారుతీ జిప్సీలో ఇంజనూ గేర్‌బాక్సూ దించేసి వేరేవి ఎక్కిస్తానని, అదీ రాజమండ్రిలో మీ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే చేస్తానని నువ్వు రాసిన దగ్గర్నుంచీ నా ధ్యాసంతా ఆ బండి మీదే ఉంది. వద్దనను. నీకు పానా పట్టడం తెలుసు, ఓపికా ఉంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కిన ఆ బండి తుక్కు కింద పోవడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆటోనగర్లో ఇంజను ఒకటి చూశాను, బేరం కుదిరితే వచ్చే వారమే తెచ్చేస్తాను అన్నావే, అక్కడ ఆగు. ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకోసమే.

మీ బండి ఎంజీ410 మోడల్ జిప్సీ. దాంట్లో ఉన్నది 970 సీసీ ఎఫ్10ఏ ఇంజను, నాలుగు గేర్లు, 45 హార్స్‌పవర్. 1996లో జిప్సీ కింగ్ వచ్చినప్పుడు 1298 సీసీ ఇంజను, ఐదు గేర్లు ఇచ్చారు. 2000లో అదే 1298 సీసీకి పదహారు వాల్వులూ ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) పెట్టి 80 హార్స్‌పవర్ చేశారు. నువ్వు కోరుకుంటున్నది ఈ చివరిదే, జీ13బీబీ. ఎంపిక సరైనదే. ఇంకెవరో డీజిల్ ఇంజను పెట్టుకోమన్నారని రాశావు, ఆ మాట వదిలెయ్. బరువు పెరుగుతుంది, ముందు స్ప్రింగులు కుంగుతాయి, ఆర్‌సీలో ఇంధనమే మారుతుంది. పెట్రోలు బండిని పెట్రోలు బండిగానే ఉంచు.

జిప్సీలో మన పనికి కలిసొచ్చే విషయం ఒకటుంది. దాని ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని ముందు వెనక చక్రాలకి పంచే పెట్టె, గేర్‌బాక్సుకి అంటుకుని ఉండదు. విడిగా చాసిస్‌కి వేలాడుతుంది, రెంటికీ మధ్య ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. అందుకే ముందున్న ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ మార్చినా వెనకున్న ఫోర్‌వీల్ భాగాన్ని విప్పకుండానే పని నడుస్తుంది. ఇంట్లో చేసుకునేవాడికి ఇంతకన్నా అనువైన బండి మన దేశంలో తక్కువ.

ఇక అసలు సంగతి. ఒంటి ఇంజను చవగ్గా దొరుకుతుంది. దాన్ని ఇంటికి తెచ్చాక మొదలవుతుంది వెతుకులాట. ఇంజను మౌంటింగు బ్రాకెట్లు, గేర్‌బాక్సు కింది క్రాస్ మెంబరు, ఫ్లైవీలు, క్లచ్, స్టార్టర్, ఈసీయూ (ఇంజనుని నడిపించే కంప్యూటరు పెట్టె), దానికి సరిపడే వైరింగు, సెన్సర్లన్నీ, పెట్రోలు ట్యాంకులో ఉండే పంపు, రేడియేటరు, ఫ్యాను, యాక్సిలరేటర్ కేబులు, సైలెన్సర్ ముందు గొట్టం... ఒక్కొక్కటీ ఒక్కో కొట్లో, ఒక్కో ధరకి. తెచ్చినవి ఒకే ఏడాది బండివి కాకపోతే సాకెట్లు కలవవు, ఈసీయూ ఒక సెన్సర్ కోసం చూస్తుంటే నీ దగ్గర ఇంకోటి ఉంటుంది. ఇంట్లో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన బండ్లు నేను చాలా చూశాను. వాటిలో చాలావరకు ఇంజను చెడ్డదై ఆగినవి కావు, చిల్లర సామాను దొరక్క ఆగినవే. అందుకని నడుస్తున్న ఎంపీఎఫ్ఐ జిప్సీ కింగ్‌నే, బాడీ కుళ్లిపోయినదో పక్కకి గుద్దుకున్నదో చూసి, మొత్తంగా కొను. ధర ఎక్కువనిపిస్తుంది. మిగిలిన తుక్కు అమ్మాక లెక్క వేసుకో, పెద్ద తేడా ఉండదు.

మారుతీ ఎస్టీమ్ కారు ఇంజను గురించి అడిగావు. నిజమే, ఎస్టీమ్‌లోనూ 1298 సీసీ జీ13బీబీనే ఉంది, అదే చవక. కానీ ఎస్టీమ్‌లో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. దాని గేర్‌బాక్సు ముందు చక్రాల్ని తిప్పే బండిది, మనకి ఎందుకూ పనికిరాదు. జిప్సీకి ముందు డిఫరెన్షియల్ ఇంజను కిందే ఉంటుంది కాబట్టి సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దానికి తగలకుండా మలిచి ఉంటుంది. ఎస్టీమ్ ఇంజను పెట్టాలంటే జిప్సీ సంపు, దాంతోపాటు ఆయిల్ పీల్చే జాలీ గొట్టం, మౌంటింగులు, నీటి గొట్టాల అమరిక మార్చుకోవాలి. మొదటిసారి చేస్తున్నవాడికి ఆ దారి వద్దు. రేపెప్పుడైనా ఈ ఇంజను పాడైతే, అప్పుడు లోపలి సామానుకి ఎస్టీమ్ అక్కరకొస్తుంది.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు నోటిమాట నమ్మకు. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేయించు. నువ్వు వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే ఇంకోరోజు రమ్మన్నా సరే, మళ్లీ వెళ్లు. స్టార్ట్ కాగానే నీలం పొగ వచ్చి పోతే వాల్వు సీళ్లు పోయినట్టు. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ నీలం పొగే వస్తుంటే పిస్టన్ రింగులు పోయినట్టు. తర్వాత నడిపి చూడు, ఐదు గేర్లూ వెయ్యి. మూడో గేరులో వేగంగా పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి వదులు. గేరు దానంతటదే న్యూట్రల్‌కి జారితే ఆ గేర్‌బాక్సు విప్పాల్సిందే, ధర తగ్గించమను. ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, గేజితో చూడు. ఇంజను బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల సాకెట్లూ ఇగ్నిషన్ సాకెట్లూ ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఈ ఇంజనుకి చదరపు సెంటీమీటరుకి 14 కిలోలు రావాలి. 12కి తగ్గితే రిపేరు తప్పదు. సిలిండరుకీ సిలిండరుకీ ఒక కిలో కన్నా తేడా ఉండకూడదు. తక్కువొచ్చిన సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులో గాస్కెట్టో. అమ్మేవాడు గేజి పెట్టనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయ్. కొన్ని మారుతీ బండ్లకి తాళంచెవిలో చిప్ ఉంటుంది. అలాంటిదైతే తాళంచెవీ, స్విచ్చీ, ఆ చిప్‌ని చదివే పెట్టే, ఈసీయూ ఒకే సెట్టుగా తీసుకో. ఒకటి తక్కువైనా ఇంజను అంటుకోదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందే కాగితాల పని. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేసిన ఆఫీసు అనుమతి లేకుండా సొంతబండికి ఇంజను మార్చకూడదు. మార్చాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో కొత్త ఇంజను నంబరు ఎక్కించుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కూడా. ఒకే కంపెనీ, ఒకే మోడల్ వంశం, అదే ఇంధనం అని నీ వైపు మాట ఉంది, కానీ ఇస్తారో ఇవ్వరో చెప్పాల్సింది వాళ్లు. ముందు వెళ్లి మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ని కలువు, ఏ పత్రాలు కావాలో అడుగు, అర్జీ పెట్టు, జవాబు కాగితం మీద తీసుకో. కాదంటే ఈ పని మానేసి ఉన్న ఎఫ్10ఏనే బోర్ కొట్టించి ఓవర్‌హాల్ చేద్దాం, నేనే వచ్చి కూర్చుంటాను. అనుమతి లేని ఇంజనుతో ఘాట్‌లో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాడు చేతులెత్తేస్తాడు, ఎదుటి మనిషికి కట్టాల్సింది నీ నెత్తిన పడుతుంది. నువ్వు కొన్న కింగ్ బండి తాలూకు ఆర్‌సీ, అమ్మకం రసీదు, యజమాని గుర్తింపు కాపీ దాచుకో. ఇంజను మీద నంబరు గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే తాకకు.

సామానంతా ఇంటికి చేరాక కూడా మీ బండి విప్పే తొందర వద్దు. తెచ్చిన ఇంజనూ గేర్‌బాక్సూ కిందే పెట్టి చేయాల్సినవి చేసెయ్. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంకు వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు, ఇంజను మౌంటింగు రబ్బర్లు. ఇవన్నీ బయట ఉన్నప్పుడు గంటల పని, బండిలో ఎక్కించాక రోజుల పని. క్రాంకు సీలు పాతదే ఉంచి ఎక్కించకు. కారితే గేర్‌బాక్సు మళ్లీ దించాలి.

దించడానికి చైన్ బ్లాకు కావాలి, దాన్ని కట్టే ఆధారం గట్టిగా ఉండాలి. మీ షెడ్డు రేకుల కింది పైపులకి మాత్రం కట్టొద్దు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి వంద కిలోల పైమాటే. ఇంజను క్రేన్ అద్దెకి తెచ్చుకో. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకు, చాసిస్ కింద స్టాండ్లు పెట్టి ఊపి చూశాకే దూరు. వేలాడుతున్న ఇంజను కింద చెయ్యి పెట్టకు, పిల్లల్ని ఆ పూట షెడ్డులోకి రానివ్వకు. ఈ విషయంలో నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి నాయనా, మిగతావాటిలో నీ ఇష్టం.

గేర్‌బాక్సుని ఇంజనుకి కలిపేటప్పుడు క్లచ్ ప్లేటు సరిగ్గా నడుమ కూర్చోవాలి, దానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే చాలు. బెల్ హౌసింగు (గేర్‌బాక్సు ముందు గంటలా ఉండే తొడుగు) చేత్తో నెడితేనే ఇంజనుకి ఆనాలి. వేలెడు సందు మిగిలితే బోల్టులు బిగించి లాగొద్దు. అలా లాగితే క్లచ్ ప్లేటు నడిమి భాగం వంగిపోతుంది, బెల్ హౌసింగు చెవులు విరుగుతాయి. వెనక్కి తీసి, క్రాంకు ఒక పిసరు తిప్పి మళ్లీ నెట్టు.

మౌంటింగులు కింగ్ బండివి మీ చాసిస్‌కి పెట్టి చూస్తే ఎక్కడ కలుస్తాయో ఎక్కడ కలవవో తెలుస్తుంది. కలవని చోట బ్రాకెట్టు మార్చు, చాసిస్ కొయ్యకు. చాసిస్ నంబరు దగ్గర్లో వెల్డింగు అసలే వద్దు. ఎక్కడ ఆర్క్ వెల్డింగు చేసినా ముందు బ్యాటరీ వైర్లు తీసి, ఈసీయూ సాకెట్టు ఊడదియ్యి. గేర్‌బాక్సు కూర్చున్నాక, బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు, పొట్టి షాఫ్టుకి కొలత తియ్యి. గేర్‌బాక్సు వెనక ఫ్లాంజీ (షాఫ్టు బిగించే బిళ్ల), ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఫ్లాంజీ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే వేగంలో వణుకు పుడుతుంది. షాఫ్టు పొడవు చాలకపోతే లేత్ దగ్గర చేయించి, బ్యాలెన్సింగు కూడా చేయించు. వెల్డింగు చేసి బ్యాలెన్సింగు వదిలేస్తే డబ్బు మిగలదు, గేర్‌బాక్సు వెనక బేరింగు పోతుంది.

పెట్రోలు దగ్గర జాగ్రత్త. మీ కార్బరేటర్ బండి పంపు ఇచ్చే ఒత్తిడి పావు బార్‌కి అటూ ఇటూ. ఎంపీఎఫ్ఐకి రెండున్నర నుంచి మూడు బార్ల దాకా ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు, పాత క్లిప్పులు దానికి ఆగవు, వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. ట్యాంకు, పంపు, ఫిల్టరు, వెళ్లే లైనూ వెనక్కొచ్చే లైనూ ఆ కింగ్ బండివే తియ్యి. గొట్టాలు మాత్రం ఇంజెక్షన్ బండికి వాడే రకం కొత్తవి కొను. విప్పే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజను ఆగిపోయేదాకా నడిపితే లైన్లో ఒత్తిడి దిగుతుంది.

వైరింగు కొయ్యకుండా మొత్తం ఒక్క చుట్టగా తియ్యి, ప్రతి సాకెట్టుకీ తెల్ల టేపు చుట్టి పేరు రాయి. ఇంజనుకీ చాసిస్‌కీ మధ్య లావు ఎర్తు పట్టీ మర్చిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు క్లచ్ కేబులు గుండా, యాక్సిలరేటర్ కేబులు గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. కొత్తగా ఎక్కించిన బండికి కేబులు పట్టేసిందంటే నేను మొదట చూసేది ఆ పట్టీనే.

బ్రేకులు ఇంజనుతో పాటే మారాలి. మీ బండికి ముందు డ్రమ్ములే ఉంటే కింగ్ బండి డిస్కులూ, బూస్టరూ, మాస్టర్ సిలిండరూ వేసెయ్. 45 హార్స్‌పవర్ ఆపడానికి పెట్టిన వాటితో 80 హార్స్‌పవర్ బండిని మారేడుమిల్లి దింపులో నడపనివ్వను. రేడియేటరు కూడా కింగ్‌దే, ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచంతో సహా. 410 ట్రాన్స్‌ఫర్ కేసూ యాక్సిళ్ల గేర్లూ చిన్న ఇంజనుకి తగ్గట్టు కట్టినవి, అందువల్ల హైవే మీద ఇంజను ఎక్కువ తిరుగుతుంది. కొన్నాళ్లు అలాగే నడుపు. అడవి దారిలో అదే నీకు మేలనిపించవచ్చు. అనిపించకపోతే కింగ్ బండివి నీ షెడ్డులో ఎలాగూ ఉంటాయి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు పంపు ఫ్యూజు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు. ఫ్యూజు పెట్టి తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా పెట్రోలు లైనంతా చేత్తో తడిమి చూడు. పక్కన అగ్నిమాపక సిలిండరు ఉండాలి, బకెట్టు నీళ్లు పెట్రోలుకి పనికిరావు. అంటుకున్నాక రేడియేటరు మూత తీసి ఉంచి గాలి బయటికి పోనివ్వు, నీళ్లు దిగినకొద్దీ కూలెంటు పొయ్యి. మొదటి 500 కిలోమీటర్లూ రాజమండ్రి చుట్టుపక్కలే తిప్పు. తర్వాత మౌంటింగు బోల్టులు, షాఫ్టు బోల్టులు, సైలెన్సరు నట్లు మళ్లీ బిగించి, ఇంజనాయిలు మార్చు.

అనుమతి సంగతి తేలగానే ఫోన్ చెయ్యి. కింగ్ బండి చూడ్డానికి వెళ్లే రోజు ముందుగా చెబితే నా కంప్రెషన్ గేజి పట్టుకుని బస్సెక్కి వస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య