ఇంతవరకు పరిగెత్తని రెండేళ్ల గుర్రాలు: ముందు ట్రైనర్‌ను చూడాలా, వంశాన్ని చూడాలా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే చలికాలం సీజనులో హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్లి కొత్త గుర్రాల రేసు చూడబోతున్నారు. అన్నీ రెండేళ్లవి, ఒక్కటీ ఇంతవరకు రేసులో దిగలేదు. పాత ఫలితాలే లేనప్పుడు ట్రైనర్ అలవాట్లను నమ్మాలా, వంశాన్ని నమ్మాలా? రెండు గుర్రాలను ఉదాహరణగా కూడా ఇచ్చారు. ఒకటి పేరు మోసిన విదేశీ స్టాలియన్‌కు, అంటే పిల్లల కోసం ఉంచే మగ గుర్రానికి, పుట్టిన మగపిల్ల. రెండోది ఆడపిల్ల. దాని తండ్రి పేరు ఎవరికీ పట్టదు, కానీ దాని తల్లీ అక్కా ఇద్దరూ చిన్న దూరాల్లో గెలిచారు.

నాది హనుమకొండ. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కమీషన్ వ్యాపారం. అంతకుముందు పద్నాలుగేళ్లు మలక్‌పేటలో ఒక ట్రైనర్ దగ్గర పద్దులు రాశాను. దాణా, లాడాలు, మందుల బిల్లులు, గుర్రాలను సాకే సైసుల జీతాలు, గెలుపు సొమ్ములో ఎవరి వాటా ఎంత, ఇదే నా పని. గుర్రం ఎక్కడం ఈనాటికీ రాదు. కానీ కోడి కూయకముందే తెరిచే లాయంలో అన్నేళ్లు కూర్చుంటే ఎక్కనివాడికీ కొన్ని సంగతులు తెలుస్తాయి.

నా జవాబు: ముందు ట్రైనర్, తరువాత తల్లి, ఆ తరువాతే తండ్రి. జనం సాధారణంగా ఈ వరుసను తలకిందులు చేస్తారు. నేనూ చేసి నెల జీతం పోగొట్టుకున్నాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు మా లాయానికి ఒక మగపిల్ల వచ్చింది. తండ్రి వైపు చూసినా తల్లి వైపు చూసినా డెర్బీ గుర్రాలే, అంటే పెద్ద దూరపు పేరున్న రేసులవి. నడుస్తుంటే వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి ఒక జానెడు అవతల పడేది. దాని మొదటి రేసు 1200 మీటర్లు. ఇంట్లో చెప్పకుండా జీతమంతా పెట్టాను. తొమ్మిదింటిలో ఆరోదిగా వచ్చింది. నేను మొహం వేలాడేసుకుని లాయానికి వెళ్తే మా ట్రైనర్ దాని మెడ నిమురుతూ సంతోషంగా ఉన్నాడు. "బడిలో మొదటి రోజు ఏడవకుండా కూర్చున్నాడు, ఇంకేం కావాలి?" అన్నాడు. అదే గుర్రం నాలుగోసారి 1600 మీటర్లలో సునాయాసంగా గెలిచింది. అప్పుడు నా జేబులో పైసా లేదు.

ఆ రాత్రి పద్దు పుస్తకం తిరగేశాను. రెండేళ్లలో మా లాయం నుంచి కొత్తగా దిగిన గుర్రాల్లో ఒక్కటీ మొదటిసారి గెలవలేదు. ఆ లెక్కంతా నా చేతిరాతలోనే ఉంది. రోజూ రాసేవాణ్ని, ఒక్కసారీ చదవలేదు.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని, ప్రతి ట్రైనర్‌కూ ఒక పేజీ పెట్టుకోవడం. గత రెండు మూడు సీజన్ల ఫలితాల్లో అతని కొత్త గుర్రాలు మొదటిసారి ఎన్నో స్థానంలో వచ్చాయి, రెండోసారి ఎన్నో స్థానంలో వచ్చాయి, ఏ దూరంలో దిగాయి, ఎవరు ఎక్కారు, ఇంతే రాయండి. కొందరు గుర్రాన్ని పూర్తిగా సిద్ధం చేశాకే బయటికి తెస్తారు. కొందరికి మొదటి రేసు కూడా శిక్షణలో భాగమే. వీళ్ల గుర్రాలు మొదటిసారి ఐదో ఆరో స్థానంలో వచ్చి రెండోసారి ఎగిరి దూకుతాయి. ఇందులో మోసం లేదు. రెండేళ్ల పిల్లకు మోకాలి పైఎముక చివర ఇంకా పెరుగుతూనే ఉంటుంది. తొందరపెడితే ముందు కాళ్లలో మోకాలి కింది ఎముకలు నొప్పి పట్టి రెండు మూడు నెలలు నిలబడిపోతుంది. ఆ నెలల్లోనూ దాణా ఖర్చు ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత పద్దులు రాసేవాడికి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు.

ఒకే ట్రైనర్ ఒకే రేసులో రెండు కొత్త గుర్రాలను దింపితే, ఆ లాయానికి ఎప్పుడూ ఎక్కే జాకీ ఏ గుర్రం మీద ఉన్నాడో చూడండి. వెయ్యి మీటర్ల వేగానికి పుట్టిన పిల్లను 1400లో దింపాడంటే, ఈరోజు గెలవాలనే తొందర అతనికి లేదేమో అని అనుమానించండి. అలా దింపడమే అతని రివాజా అన్నది మళ్లీ మీ పేజీయే చెప్పాలి.

పత్రికల్లో ఉదయపు పరుగుల వివరాలు వస్తాయి. ఫలానా గుర్రం 600 మీటర్లు 45 సెకన్లలో తేలికగా వచ్చింది అని రాస్తారు. కొత్తవాళ్లు ఆ సెకన్లను పట్టుకుని వేలాడతారు. నేనైతే ఎవరు ఎక్కారో చూస్తాను. రోజూ తిప్పే రైడింగ్ బాయ్ ఎక్కాడా, రేసు రోజు ఎక్కబోయే జాకీయే తెల్లవారుజామున వచ్చాడా? పిల్ల ఒంటరిగా పరిగెత్తిందా, పక్కన గెలిచిన పాత గుర్రాన్ని పెట్టారా? పాత గుర్రంతో సమానంగా వచ్చిన రెండేళ్ల పిల్లను గుర్తు పెట్టుకోవాలి. మాక్ రేసు, అంటే పందెం లేని సాధన రేసు, ఫలితాలను కూడా ఇలాగే చదవండి. అక్కడ మొదటిది రావడం కన్నా, గేటు తెరుచుకోగానే ఎంత త్వరగా బయటపడింది, ఇతర గుర్రాల మధ్య బెదిరిందా లేదా అన్నదే ముఖ్యం. కొందరు ట్రైనర్లు మాక్ రేసులో కళ్లెం వదలనివ్వరు.

ఇక వంశం. మన పెద్దలు గుర్రాన్ని, ఎద్దును సుడులు చూసి కొనేవారు. మా తాత ఏ అంగడికి వెళ్లినా ముందు నుదుటి మీద సుడి వెతికేవాడు. ఇప్పటి సుడి అమ్మకాల జాబితాలో ఉండే వంశావళి పేజీ. దాన్ని చదవడానికి ఒక చిట్కా ఉంది. పెద్ద రేసులు గెలిచిన గుర్రాల పేర్లు అందులో ముద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు తల్లి పేరు కిందనే ఉన్నాయా, అమ్మమ్మ, ముత్తవ్వల దగ్గర మాత్రమే ఉన్నాయా చూడండి. తల్లి కింద రెండు వరుసలు, ముత్తవ్వ కింద అరపేజీ ఉంటే, మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్న సంబంధమే అది.

తల్లికి ఎందుకింత ప్రాధాన్యమంటే, ఒక స్టాలియన్‌కు ఏడాదిలో వంద పిల్లలు కూడా ఉండవచ్చు. ఆడ గుర్రం పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లనే ఈనుతుంది. అందుకే రేసు లోకంలో తోబుట్టువు అన్న మాట తల్లిని బట్టే. తండ్రి ఒకటై తల్లులు వేరైతే వాటిని సవతి అన్నదమ్ములని కూడా పిలవరు. తల్లి తన మొదటి ఇద్దరు ముగ్గురు పిల్లలను ఎప్పుడు గెలిపించింది, రెండో ఏటనా నాలుగో ఏటనా, వెయ్యి మీటర్లలోనా రెండు వేలలోనా, ఇవి తెలిస్తే సగం పని అయినట్టే. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!

తండ్రిని కొట్టిపారేయడం లేదు. అతని పిల్లలు తొందరగా ఎదుగుతారా, ఆలస్యంగానా అన్నది బాగా పనికొస్తుంది. 2400 మీటర్ల ఇండియన్ డెర్బీ లాంటి దూరాలకు పనికొచ్చే పిల్లలను ఇచ్చే స్టాలియన్ కొడుకు, రెండో ఏట 1100 మీటర్లలో వెలగకపోతే అది లోపం కాదు. 2010లో ఐర్లాండ్ శాస్త్రవేత్తలు కండ పెరుగుదలను అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువును బట్టి గుర్రం చిన్న దూరానికా, పెద్ద దూరానికా అని చెప్పవచ్చని చూపారు. అయితే ఆ పరీక్ష ఫలితం యజమాని బీరువాలో ఉంటుంది, మీ చేతిలోని రేసు పుస్తకంలో కాదు.

పుట్టిన నెల కూడా అడగండి. మన దేశంలో రేసు గుర్రాలన్నింటికీ జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది. జనవరిలో పుట్టినదీ మే నెలలో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసు. ఒంటి మీద మాత్రం నాలుగు నెలల తేడా, ఆ వయసులో అది చిన్నది కాదు.

మా మార్కెట్‌లో చపాటా మిర్చి బస్తా కోసి గుప్పెడు తీస్తే విత్తనం ఎవరిదో తెలియదు, రైతు ఎవరో తెలుస్తుంది. ఒకే విత్తనం ఇద్దరి చేలల్లో రెండు రంగులు తేలుతుంది. ట్రైనర్‌ను ముందు పెట్టమనడం అందుకే.

పందెం సంగతి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. పందెం సొమ్ము మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. కొత్త గుర్రాల రేసులో ఎంత బాగా చదివినా ఆ గుంట పూడ్చడం కష్టం. మొదటి సీజనంతా పుస్తకం, పెన్ను మాత్రమే తీసుకెళ్లండి.

మీ రెండు గుర్రాల విషయానికొస్తే, ఆ ఆడ గుర్రప్పిల్లను తయారుచేసే ట్రైనర్ కొత్తవాటిని మొదటిసారే గెలిపించే రకమని మీ పేజీ చెబితే, నేను అటే చూస్తాను. మగపిల్లను రెండోసారి, 1400 మీటర్లు దాటిన రేసులో దిగినప్పుడు చూడండి. ఏదైనా సరే, రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పే చోటికి తప్పకుండా వెళ్లండి. చలికాలపు మధ్యాహ్నం తొడల మధ్య నురగ కట్టి, సైసును అటూ ఇటూ లాగుతూ వస్తున్న పిల్ల బలం అక్కడే సగం అయిపోతుంది. మెడ దించి, చెవులు ముందుకు పెట్టి నడిచే పిల్ల కనిపిస్తే దాని నంబరు పక్కన ఒక గీత గీయండి. ఆ రోజు అది ఓడినా, గీతను చెరపకండి.