ఎగుమతి ఆపే ఫైల్లో మన ఎర్రగడ్డ (ఉల్లి) ఎక్కడుంటుంది?

ఒక అమ్మాయి ఇలా అడిగింది: "కర్నూలులో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. మా నాన్న కోడుమూరు దగ్గర ఉల్లి వేస్తాడు. కేంద్రంలో ఎగుమతి విధానం మీద సీనియర్ సలహాదారులు ఉంటారట కదా, వాళ్లు నిజంగా ఏం పని చేస్తారు? ఎగుమతులు ఆపేసే రోజున మాలాంటివాళ్ల మాట చెప్పేవాళ్లు అక్కడ ఒక్కరూ ఉండరా? ఆ ఉద్యోగానికి నేను ప్రయత్నించవచ్చా?"

ఉంటారమ్మా. కొన్నాళ్లు నేనే ఉన్నాను. మాది కడప జిల్లా మైదుకూరు దగ్గర పల్లె. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, ఇండియన్ ఎకనామిక్ సర్వీసులో చేరి, ముప్పై ఏళ్లకు పైగా ఢిల్లీలో ఫైళ్ల మధ్య గడిపి, సీనియర్ అడ్వయిజరుగా రిటైరై ఇప్పుడు కడపలో ఉంటున్నాను. పనిచేసిన శాఖ పేరు చెప్పను. పింఛను తీసుకుంటున్నవాణ్ని, ఆ మాత్రం మర్యాద పాటించాలి. నీ మూడు ప్రశ్నల్లో రెండోదానికే ఎక్కువ రాస్తాను, అది నన్నూ చాలా ఏళ్లు తొలిచింది కాబట్టి.

ముందు పని సంగతి. సలహాదారు అంటే మంత్రి పక్కన కూర్చుని చెవిలో చెప్పేవాడని మా ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. పెళ్లిళ్లలో నన్ను చూపించి "ఈయన చెబితే ఢిల్లీ వింటుంది" అంటారు. హోదాకేమో అదనపు కార్యదర్శితో సమానం. పని మాత్రం ఇంతే: ఫైలు వస్తుంది, అభిప్రాయం రాయమంటారు, రెండు మూడు పేరాలు రాసి పంపుతాం. దాని కింద ఇంకొకరు రాస్తారు, ఆ పైన ఇంకొకరు. చివరికి నోటిఫికేషన్ వచ్చినప్పుడు మనం రాసినదాంట్లో ఒక వాక్యం మిగిలితే ఆ రోజు ఇంటికి కాస్త హుషారుగా వెళ్తాం.

ఉల్లి ఫైలు మీద అయితే మరీ ఎక్కువ చేతులు పడతాయి. ఎగుమతి నిషేధమైనా, కనీస ఎగుమతి ధర (అంతకు తక్కువకు బయటి దేశానికి అమ్మకూడదనే ధర) అయినా 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద డీజీఎఫ్‌టీ, అంటే వాణిజ్య శాఖలోని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, ఇచ్చే నోటిఫికేషన్ ద్వారా వస్తుంది. ఎగుమతి సుంకం ఆర్థిక శాఖది. ఊళ్లలో చిల్లర ధర కనిపెట్టేది వినియోగదారుల వ్యవహారాల శాఖ. పంట ఎంత వచ్చిందో చెప్పేది వ్యవసాయ శాఖ. వీళ్లందరూ కూర్చునే సమావేశంలో ఎవరి అంకె వాళ్ల దగ్గరుంటుంది. ఢిల్లీలో కిలో ఎంతకు అమ్ముతున్నారో ఆ రోజు పొద్దుటి అంకె ఉంటుంది. మండీ ధరలు కూడా ఉంటాయి. ఎకరాకు ఎంత ఖర్చయింది, కల్లంలో ఎంత కుళ్లింది, లారీ బాడుగ ఎంత పెరిగింది అన్నవి మాత్రం రోజూ వచ్చే ఏ పట్టికలోనూ ఉండవు. ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. నువ్వు అడిగిన "మాలాంటివాళ్ల మాట" అంటే అదే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఢిల్లీలో ఉల్లి ధర పెరుగుతున్న ఒక ఏడాది, ఎగుమతి మీద ఆంక్ష పెట్టాలా అని అడుగుతూ మధ్యాహ్నం మూడింటికి ఒక ఫైలు వచ్చింది. ఐదింటికల్లా తిరిగి వెళ్లాలి. నేను పొరపాటుగా రాశానని ఈ రోజుకీ అనుకోను. ఆ ఏడాది నిల్వలో ఉన్న యాసంగి గడ్డ అయిపోతోంది, ఖరీఫ్ పంట వానలకు దెబ్బతింది, కొత్త సరుకు రావడానికి ఇంకా వారాలు పడుతుంది. కొన్నాళ్లు ఎగుమతి తగ్గితే మేలే అని రాశాను. నోటు పొడవునా ఒకే మాట వాడాను: ఉల్లి.

ఆ ఆంక్ష వచ్చిన రాత్రి మా అక్క మొగుడు ఫోన్ చేశాడు. మైదుకూరు దగ్గర ఆయనకు నాలుగెకరాల కేపీ గడ్డ ఉంది. కేపీ అంటే కృష్ణాపురం ఉల్లి, మా జిల్లా పంట. "ఏమి బావా, మన కేపీని ఢిల్లీవాళ్లు తింటారా? మన ఇంట్లో మనమే తినం కదా! మీ ఆఫీసులో ఎవురికీ తెలీదా?" అన్నాడు.

ఆ గడ్డ చూసినవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. దాని సైజు, ఘాటు మన వంటింటికి సరిపోవు. మనం కూరలో వేసుకోం. థాయిలాండ్, మలేసియా, సింగపూర్, శ్రీలంక, హాంకాంగ్ వాళ్లు కొంటారు. కడప నుంచి లారీలో చెన్నై పోర్టుకు, అక్కడి నుంచి ఓడలో వెళ్తుంది. దాన్ని ఆపితే ఢిల్లీలో కిలో మీద ఒక్క పైసా తగ్గదు. మైదుకూరులో మాత్రం మూటలు మొలకలెత్తుతాయి. ఆ మట్టిలో పుట్టినవాణ్ని, ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ రెండు గంటల్లో గుర్తు రాలేదు. ఇంట్లో "ఎర్రగడ్డ" అనేవాణ్ని, ఫైల్లో "ఆనియన్" అని రాసేసరికి అది వేరే వస్తువైపోయింది. టెన్షన్ అని సాకు చెప్పుకోవచ్చు కానీ రోజూ అంతే ఉండేది.

మర్నాడే ఇంకో నోటు పెట్టాను, కేపీని వదిలేయమని. దానికి పైనుంచి వచ్చిన ప్రశ్న చూడు, అది తెలివైన ప్రశ్నే: "పోర్టులో నిలబడిన కస్టమ్స్ మనిషి సంచి విప్పి ఇది కేపీ అని ఎలా చెప్పగలడు?" ఎగుమతి సరుకు మొత్తం కోడ్‌ల మీద నడుస్తుంది. 0703 అనే శీర్షిక కింద ఉల్లి, వెల్లుల్లి లాంటివన్నీ వస్తాయి. నేను పనిలో ఉన్న రోజుల్లో కృష్ణాపురానికి అందులో వేరే గడి ఉండేది కాదు. ఒక రకాన్ని వదిలేస్తే ఆ పేరు మీద నాసిక్ గడ్డ కూడా ఓడెక్కేస్తుందని భయం. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. నోటు వెనక్కి వచ్చింది.

జవాబు ఎలా ఉంటుందో తర్వాత చూశాను. 2019 సెప్టెంబరు 29న ఉల్లి ఎగుమతి పూర్తిగా ఆపేశారు. 2020 ఫిబ్రవరిలో 10,000 టన్నుల కృష్ణాపురం ఉల్లికి అనుమతి ఇచ్చారు. ఆ సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం, అక్టోబరు 9న మళ్లీ కృష్ణాపురానికి 10,000 టన్నులు, బెంగళూరు రోజ్ రకానికి ఇంకో 10,000. షరతులు ఏమిటంటే, చెన్నై పోర్టు నుంచి మాత్రమే పంపాలి, సరుకు ఆ రకమే అని ఉద్యాన శాఖ అధికారి ధ్రువపత్రం ఉండాలి. చూశావా, కస్టమ్స్ మనిషి చేయలేని పనిని పంట చూసిన అధికారి చేతిలో పెట్టారు. దారి ఒక్కటే ఉంచారు కాబట్టి లెక్క తప్పదు. ఆ ఫైళ్లు నా దగ్గరికి రాలేదు, నేను అప్పుడు వేరే విభాగంలో ఉన్నాను. చదివి మాత్రం సిగ్గుపడ్డాను, ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదా అని. రెండోసారి నిషేధానికీ అనుమతికీ మధ్య 25 రోజులు పట్టింది. ఇంట్లో గంపలో పెట్టుకున్న ఎర్రగడ్డే 25 రోజులకు ఏమవుతుందో మీ అమ్మను అడుగు. మొదటిసారి ఏకంగా నాలుగు నెలలు.

అందుకే ఆ తర్వాత నా దగ్గర చేరిన కుర్రాళ్లతో ఒక పని చేయించేవాణ్ని. ఏ నోటిఫికేషన్ ముసాయిదా వచ్చినా ముందు చివరి పేరా చదవమనేవాణ్ని. దారిలో ఉన్న సరుకు సంగతి అక్కడే రాస్తారు. లోడింగ్ మొదలైన ఓడ పోనిస్తారా, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేసి పోర్టులో ఆగిన కంటైనరు పోనిస్తారా, లేక అన్నీ వెనక్కేనా అన్నది ఆ రెండు వాక్యాలే తేలుస్తాయి. పత్రికలు ఆ పేరా వేయవు. వ్యాపారి మాత్రం దాన్నే వెతుక్కుంటాడు. ఎందుకంటే పోర్టు నుంచి లారీ వెనక్కి వస్తే ఆ బాడుగ కూడా చివరికి రైతు మీదే పడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఎగుమతి ఆపడం ఎప్పుడూ తప్పే అని నేననను. సెప్టెంబరు, అక్టోబరుల్లో నగరాల్లో కూలీనాలీ చేసుకునేవాళ్ల ఇంట్లో ఉల్లి లేకపోతే అదీ బాధే. కానీ నిషేధం కంటే సుంకం నయం. సుంకం వేస్తే గిట్టినవాడు పంపుతాడు, పరాయి దేశపు కొనుగోలుదారు మనల్ని మర్చిపోడు. రాత్రికి రాత్రి ఆపేస్తే వాడు ఇంకో గుమ్మం చూసుకుంటాడు. 2019 అక్టోబరులో బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ వచ్చినప్పుడు, ఉల్లి లేకుండా వండమని మా వంటవాడికి చెప్పాను, ముందుగా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది అని నవ్వుతూనే అన్నారు. సభలో అందరూ నవ్వారు. మా ఆఫీసులో మాకు నవ్వు రాలేదు, అప్పట్లో మనకు పెద్ద కొనుగోలుదారు వాళ్లే కదా.

మారకుండా ఉండటం కూడా ఒక విధానమే. 2023 ఆగస్టులో 40 శాతం సుంకం వేశారు. అక్టోబరు చివర టన్నుకు 800 డాలర్ల కనీస ధర పెట్టారు. డిసెంబరులో నిషేధించారు. 2024 మేలో నిషేధం తీసి, 40 శాతం సుంకం, 550 డాలర్ల కనీస ధర పెట్టారు. సెప్టెంబరులో ఆ ధర తీసేసి సుంకాన్ని 20కి దించారు. 2025 ఏప్రిల్ 1న అదీ తీసేశారు. ఇరవై నెలలు తిరక్కముందే ఆరు మార్పులు. ఏ రైతు ఏ అంకె చూసి నారు పోయాలి?

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. 2025 సెప్టెంబరులో మీ కర్నూలు యార్డులో ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడు నిషేధం లేదు, సుంకం లేదు, కనీస ధరా లేదు. ఎగుమతి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అయినా మీ నాన్నగారి గడ్డకు ధర రాలేదు. తడిసిన గడ్డ ఓడ దాకా వెళ్లలేదు, నిల్వకూ నిలవదు. ఢిల్లీని తిట్టడం సులువు, నేనూ రిటైరయ్యాక తిడుతున్నాను. కానీ అన్నిటికీ అక్కడి కాగితమే కారణం కాదు. మన తాడిపత్రి అరటినే చూడు. 2020 జనవరిలో అక్కడి నుంచి ముంబై జేఎన్‌పీటీ పోర్టుకు 43 చల్లటి కంటైనర్లతో ప్రత్యేక రైలు వెళ్లింది, 890 టన్నుల గెలలతో. నోటిఫికేషన్‌తో జరిగిన పని కాదది. ప్యాక్‌హౌస్, కంటైనరు, రైలు ఒకే రోజున ఒకే చోట ఉండటంతో జరిగింది.

పని అంతా ఉల్లే అనుకోకు. సగం కాలం జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) నుంచి వచ్చే కాగితాలకు సమాధానాలు రాయడంతోనే సరిపోయేది. ఒక్కటి చెబుతాను. ఎగుమతిదారులకు ఇచ్చే ప్రోత్సాహకాల మీద అమెరికా 2018లో డబ్ల్యూటీఓలో కేసు వేసింది. తలసరి జాతీయ ఆదాయం వరసగా మూడేళ్లు 1,000 డాలర్లు దాటిన దేశం ఎగుమతి సబ్సిడీలు ఇవ్వకూడదని అక్కడి ఒప్పందం. మనం దాటేశాం. 2019 అక్టోబరు 31న ప్యానెల్ మనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 2021 జనవరి నుంచి ఎంఈఐఎస్ అనే ఆ ప్రోత్సాహక పథకం పోయి రోడ్‌టెప్ అనే పథకం వచ్చింది. కొత్తది కట్టిన పన్నులు తిరిగి ఇవ్వడం అన్నమాట, బహుమానం కాదు. సెలవులకు ఊరొచ్చినప్పుడు రచ్చబండ దగ్గర దీన్ని వివరించబోయాను. "మనం ధనవంతులమయ్యామని ఆపేశారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. వేరుశనగ మూడేళ్లు వరసగా ఎండిపోయిన మనిషి. ఏం చెప్పాలో తెలియలేదు.

ఇక నీ మూడో ప్రశ్న. తప్పకుండా ప్రయత్నించు. ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్ష యూపీఎస్సీ పెడుతుంది. ఎకనామిక్స్‌లో పీజీ కావాలి, వయసు 21 నుంచి 30 మధ్య. ఎకనామిక్స్ పేపర్లు మూడు, ఇండియన్ ఎకనామిక్స్ ఒకటి, ఇంగ్లిష్, జనరల్ స్టడీస్, ఆపైన ఇంటర్వ్యూ. ఖాళీలు తక్కువ, ఒక్కో ఏడాది మరీ తక్కువ, దానికి మనసు సిద్ధం చేసుకో. ఇంగ్లిష్‌లో గట్టిగా రాయడం ఇప్పటినుంచే నేర్చుకో. నేను మొదటిసారి అక్కడే పోగొట్టుకున్నాను.

చదువుకు తోడు ఇంకో పని పెట్టుకో. సెలవు రోజున పొద్దున్నే కర్నూలు యార్డుకు వెళ్లి, ఏ ఊరి గడ్డ, ఏ రకం, ఎంత సైజు, తడా పొడా, ఎంతకు పాడారు, ఎవరు కొన్నారు అన్నది ఒక నోట్‌బుక్కులో రాసుకో. ఏడాది రాస్తే, ఆ సమావేశంలో కూర్చున్న చాలామంది దగ్గర లేని పట్టిక నీ చేతిలో ఉంటుంది. నేను ఆ పని చేయలేదు. మా అక్క మొగుడు ఫోన్ చేస్తే తప్ప గుర్తు రాని స్థితిలో ఉండేవాణ్ని.

అన్నట్టు, నువ్వు రాసినదాంట్లో "ఉల్లి" అని మాత్రమే ఉంది. మీ నాన్నగారు వేసేది ఏ రకం? అమ్మేది మన యార్డులోనా, తాడేపల్లిగూడెం మార్కెట్‌కు పంపుతారా? అది కనుక్కుని రాయమ్మా, దాన్ని బట్టి మిగతాది చెబుతాను.