తొడ లోపలి కండ ఎందుకు వెనకబడుతుంది?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నాకు 24 ఏళ్లు, బరువు 72 కిలోలు. రెండేళ్లుగా జిమ్ చేస్తున్నాను. తొడ బయటి వైపు బాగానే వచ్చింది కానీ, మోకాలికి కాస్త పైన, లోపలి వైపు కన్నీటి చుక్కలా కనిపించాల్సిన కండ మాత్రం రావడం లేదు. లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో (మెషీన్ మీద కూర్చుని బరువుతో కాళ్లు చాపడం) పాదాలు బయటికి తిప్పమని ఒకరంటారు, కాళ్లు దగ్గర పెట్టి స్క్వాట్ చేయమని ఇంకొకరంటారు. స్క్వాట్ 110 కిలోలతో చేస్తున్నాను. వచ్చే ఏడాది జిల్లా పోటీల్లో స్టేజీ ఎక్కాలని ఉంది. వీడియో పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీ వీడియో పక్క నుంచి తీశారు కాబట్టి నా పని సులువైంది. బార్ మీద 110 కిలోలు ఉన్న మాట నిజమే. కానీ మీరు కిందికి దిగేటప్పుడు తుంటి చూడండి. మోకాలి ఎత్తుకు ఇంకా జానెడు పైన ఉండగానే మీరు లేచిపోతున్నారు. నాలుగో రెప్ (ఒకసారి దిగి లేవడం) నుంచి ఆ జానెడు కాస్తా జానెడున్నర అయింది. మోకాళ్లు ముందుకు రాకుండా ఆపుకుంటూ నడుమును వెనక్కి తోస్తున్నారు. అంటే బరువు ఎక్కువగా పిరుదుల మీద, నడుము మీద పడుతోంది. మీరు అడిగిన కండకు పని దొరికేది మోకాలు బాగా మడిచినప్పుడు. అంత లోతుకు మీరు దిగడమే లేదు.

తొడ ముందు భాగంలో నాలుగు కండరాలుంటాయి. బయటి వైపు వాస్టస్ లాటరాలిస్, లోపలి వైపు వాస్టస్ మీడియాలిస్, రెండింటి నడుమ లోతుగా వాస్టస్ ఇంటర్మీడియస్, వాటి పైన రెక్టస్ ఫెమోరిస్. నాలుగూ కలిసి మోకాలి చిప్పను పట్టుకుని లాగుతాయి, నాలుగింటికీ ఆజ్ఞ వచ్చేది ఒకే నరం నుంచి. కాబట్టి మిగతా మూడింటినీ పడుకోబెట్టి లోపలి దాన్ని మాత్రమే పని చేయించే వ్యాయామం అంటూ లేదు. పాదం అటూ ఇటూ తిప్పితే వచ్చే తేడా చాలా స్వల్పం. దానికోసం బరువు మీద మోకాలిని మెలిపెట్టకండి. కాళ్లు దగ్గర పెట్టినా, దూరం పెట్టినా, మీకు ఏది వాటంగా ఉండి లోతుకు దిగనిస్తే అదే మీ స్టాన్స్.

‘మోకాలు కాలివేళ్లు దాటకూడదు’ అన్న మాట మీకు కూడా ఎవరో చెప్పి ఉంటారు. నొప్పి, పాత దెబ్బ లేని మోకాలు వేళ్లు దాటడం తప్పు కాదు. బలవంతంగా ఆపితే ఆ భారం తుంటికి, నడుముకు పోతుంది. మీ పక్క జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. వెయిట్‌లిఫ్టర్లు బార్‌ను అందుకునేది ఎక్కడో గమనించండి. తొడ వెనక భాగం పిక్కను తాకేంత కిందకి కూర్చుని, మోకాళ్లు వేళ్లను దాటి ఉండగా అందుకుని, అక్కడి నుంచి లేస్తారు. వాళ్లకు మోకాలి పైన కండ అంత మందంగా ఉండటానికి పెద్ద కారణం ఆ అడుగు నుంచి లేవడమే. మన తాలింఖానాల్లో తీసే బస్కీలు కూడా అంతే కదా, మడమలు లేపి, మోకాళ్లు ముందుకు పంపి, పూర్తిగా కూర్చుని లేవడం. కాకపోతే ఒంటి బరువుతో చేసే బస్కీలు కొన్నాళ్లకు దమ్మును పెంచుతాయే గానీ, మీ స్థాయి వాళ్లకు కండను పెద్దగా పెంచవు. వార్మప్‌కు రెండు సెట్లు తీయండి, చాలా మంచిది.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. బార్ మీద నుంచి 40 కిలోలు తీసేయండి. ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. జిమ్‌లో పక్కవాళ్లు చూస్తారన్న టెన్షన్ కూడా ఉంటుంది. అయినా తీసేయండి. రెండు మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెట్టుకోండి. చీలమండ బిగుసుకుపోయిన వాళ్లకు ఇదే తేలికైన మార్గం. వీడియోలో మీ మడమలు లేస్తున్నాయి కాబట్టి మీదీ అదే సమస్య. వెనక ఒక స్టెప్ బోర్డు పెట్టుకుని, పిరుదులు దాన్ని తేలిగ్గా తాకే వరకు మూడు సెకన్లలో దిగండి. దాని మీద కూర్చుండిపోవద్దు. తాకాక ఒక్క క్షణం ఆగి లేవండి. 8 రెప్స్ చొప్పున 4 సెట్లు. నాలుగు సెట్లలోనూ ఆఖరి రెప్ దాకా బోర్డును తాకగలిగిన రోజునే ప్లేట్లు పెంచండి, అదీ 2.5 కిలోలే.

తర్వాత లెగ్ ప్రెస్. పాదాలు పలక మీద కాస్త కిందికి పెట్టి, మోకాళ్లు ఛాతీ దగ్గరకు వచ్చేదాకా దించండి. నడుము కింది భాగం సీటు నుంచి లేవడం మొదలైతే అదే మీ హద్దు. దీన్ని 12 రెప్స్‌తో 3 సెట్లు. ఆఖర్న లెగ్ ఎక్స్‌టెన్షన్ 15 రెప్స్‌తో 3 సెట్లు, సీటు వెనక్కి వంచుకుని చేయండి. రెక్టస్ ఫెమోరిస్ తుంటిని కూడా దాటి వెళ్తుంది. స్క్వాట్‌లో తుంటి, మోకాలు రెండూ ఒకేసారి మడుస్తాం కాబట్టి అది సరిగా సాగదు, అందుకే స్క్వాట్‌తో దానికి పెద్దగా లాభం ఉండదు. ఆ లోటు తీర్చేది లెగ్ ఎక్స్‌టెన్షనే. అది మోకాళ్లకు చెడుపు అని పూర్తిగా మానేసిన వాళ్ల తొడల్లో ఆ నడుమ గీత అంత త్వరగా రాదు.

ఇవన్నీ వారానికి రెండుసార్లు. రెండు రోజులకూ నడుమ కనీసం 48 గంటలు ఉండాలి. అందులో ఒకటి విశ్రాంతి మర్నాడు పెట్టుకోండి. సోమవారం అనగానే అందరూ బెంచ్ ప్రెస్ దగ్గర క్యూ కడతారు, మీరు మాత్రం స్క్వాట్ ర్యాక్ దగ్గరకు వెళ్లండి. వెనకబడిన భాగానికి తాజాగా ఉన్న ఒళ్లు ఇవ్వాలి, ఛాతీకి, చేతులకు పోగా మిగిలినది కాదు.

తిండి గురించి మీరు రాయలేదు. మీ బరువుకు రోజుకు దాదాపు 115 గ్రాముల ప్రొటీన్ కావాలి. పచ్చి కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉన్నా, పూటకు మన కంచంలోకి వచ్చే పప్పు 30 గ్రాములకు మించదు. పప్పూ అన్నంతోనే సరిపోతుందనుకోకండి. పొద్దున ఇడ్లీతో పాటు మూడు గుడ్లు, మధ్యాహ్నం చికెనో చేపో, రాత్రి పెరుగుతో పాటు పనీరో సోయా చంక్సో ఉండేలా చూసుకోండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. వాస్టస్ మీడియాలిస్ కిందికి ఎంతవరకు దిగి ఉంటుందన్నది పుట్టుకతో వచ్చేది. కొందరికి మోకాలి చిప్ప పక్క దాకా వస్తుంది, కొందరికి పైనే ఆగిపోతుంది. వ్యాయామంతో దాని మందం పెరుగుతుంది, చోటు మారదు. జడ్జీలు చూసేది మొత్తం తొడను. చుక్క మీ పక్కవాడిలా లేదని కుంగిపోకండి. నాలుగు నెలలు ఇలా చేశాక, అదే కోణం నుంచి, అదే వెలుతురులో ఇంకో వీడియో పంపండి.

ప్రశ్న: స్క్వాట్ బాగా చేస్తే తొడ వెనక భాగం కూడా వచ్చేస్తుందా సర్? జిమ్‌కు వెళ్లే వీలు లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాదు. స్క్వాట్‌లో హ్యామ్‌స్ట్రింగ్స్, అంటే తొడ వెనక కండరాలు, ఒక చివర సాగుతూ, ఇంకో చివర కుదించుకుంటాయి. పొడవు పెద్దగా మారదు. వాటికి రెండు పనులు విడిగా ఇవ్వాలి. ఒకటి నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగడం. రెండు చేతుల్లో చెరో బియ్యం సంచి పట్టుకుని రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చేయండి, తొడ వెనక లాగినట్టు అనిపించేదాకా వంగితే చాలు. రెండోది మోకాలు మడవడం. నున్నటి టైల్స్ నేల మీద వెల్లకిలా పడుకుని, మడమల కింద తువ్వాలు వేసుకుని, నడుము లేపి మడమలను లోపలికి లాక్కోండి, మెల్లగా చాపండి. మొదట్లో ఆరేడు కంటే ఎక్కువ రావు. పిక్కలో నరం పట్టేస్తే కాసేపు ఆగండి.

ప్రశ్న: నేను కబడ్డీ ఆడతాను. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. కుడి తొడ సన్నబడిపోయింది, ముఖ్యంగా లోపలి వైపు గుంట పడింది. త్వరగా పెంచుకోవాలి.
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, మీది పైన రాసిన అబ్బాయి సమస్యలాంటిది కాదు. మోకాలిలో వాపు ఉన్నంతకాలం ఆ కండకు పూర్తి ఆజ్ఞ అందదు, మీరు ఎంత బలం పెట్టినా సగమే పని చేస్తుంది. కాబట్టి వాపు మిగిలి ఉంటే ముందు దాని సంగతి మీ ఫిజియోతో తేల్చుకోండి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని ఐదు సెకన్ల పాటు నొక్కుతూ తొడ బిగించండి. వేలితో తాకి, లోపలి వైపు గట్టిపడుతోందో లేదో చూసుకోండి. అది గట్టిపడటం మొదలయ్యాక ఫిజియో సరే అంటే మెట్టు ఎక్కి దిగడం. ఎక్కడం కంటే మెల్లగా దిగడమే అసలు వ్యాయామం. లెగ్ ఎక్స్‌టెన్షన్ మాత్రం ఎన్ని డిగ్రీల దాకా చాపవచ్చో అడగకుండా చేయవద్దు, కాలు పూర్తిగా చాపేటప్పుడు కొత్త లిగమెంట్ మీద లాగుడు ఎక్కువ.

ప్రతి సెట్టూ కుడి కాలితో మొదలుపెట్టండి. అది ఎన్ని చేస్తే ఎడమ కాలితో అన్నే చేయండి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో గుర్తు పెట్టి, నెలకోసారి రెండు తొడలకూ టేపు చుట్టి రాసుకోండి. అయితే చుట్టుకొలత సమానమైనంత మాత్రాన కూతకు వెళ్లకండి. కుడి కాలి బలం ఎడమ దానిలో కనీసం 90 శాతం ఉందని పరీక్షలో తేలాలి, ఆపరేషన్ అయి 9 నెలలైనా నిండాలి. టోర్నమెంట్ ఉందని మీ కోచ్ తొందరపెడితే ఈ పేజీ చూపించండి.