టెక్ సందేహాలు: ఎక్సార్గ్‌లో ఉండాలా, వేలాండ్‌కి మారాలా?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ 24.04 వేసుకున్నాను. లాగిన్ దగ్గర కింద గేర్ గుర్తు నొక్కితే 'ఉబుంటు', 'ఉబుంటు ఆన్ ఎక్సార్గ్' అని రెండు వస్తున్నాయి. మొదటిదాంట్లో నా పాత స్క్రీన్ రికార్డర్‌తో పాఠం రికార్డు చేస్తే వీడియో అంతా నల్లగా వస్తోంది. రెండోదాంట్లో బాగానే ఉంది. తేడా ఏంటి? ఏది వాడమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ రికార్డర్ పాడవలేదండీ. తెర మీద బొమ్మ వేసే పద్ధతే ఆ రెండింట్లో వేరు. 'ఉబుంటు' నడిచేది వేలాండ్ మీద, రెండోది ఎక్స్11 మీద. ఎక్సార్గ్ అంటే ఎక్స్11ని నడిపించే సర్వర్ ప్రోగ్రామే.

ఎక్స్ 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇప్పటికీ మనం వాడుతున్న 11వ రూపం 1987లో వచ్చింది. ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్లో నడుస్తుంటే దాని విండో నెట్‌వర్క్ మీదుగా వేరే గదిలోని తెర మీద తెరుచుకోవాలన్నది అప్పటి అవసరం. ఆ పని ఎంతో బాగా చేసింది. కాకపోతే ఒకే తెర మీదున్న ప్రోగ్రాములన్నీ ఒకదాన్నొకటి నమ్ముతాయన్న లెక్కతో కట్టారు.

ఆ నమ్మకం ఎంత దూరం వెళ్తుందో క్లాసులో పిల్లలకి చూపించవచ్చు. ఎక్స్11-యాప్స్ ప్యాకేజీలో 'ఎక్స్‌ఐస్' అని ఓ బుల్లి ప్రోగ్రామ్ ఉంది. తెర మీద రెండు కళ్లు వస్తాయి, మౌస్ ఎటు వెళ్తే కనుపాపలు అటు తిరుగుతాయి. ఎక్సార్గ్‌లో లాగిన్ అయి దాన్ని ఓ మూలన పెట్టి, ఫైల్స్ విండో మీద మౌస్ తిప్పండి. కళ్లు వెంటే వస్తాయి. అంటే తనది కాని విండో మీద మీరేం చేస్తున్నారో ఆ ప్రోగ్రామ్‌కి తెలుస్తోంది. నొక్కే కీలూ అంతే: పక్క విండోలో మీరు కొట్టే పాస్‌వర్డ్‌ను ఎక్స్‌లో మరో ప్రోగ్రామ్ చదవగలదు, మిమ్మల్ని అడగక్కర్లేదు.

ఇప్పుడు వేలాండ్‌లో లాగిన్ అయి అదే చేయండి. మౌస్ ఫైల్స్ విండో మీదికి రాగానే కళ్లు బిగుసుకుపోతాయి. ఏదైనా పాత ప్రోగ్రామ్ మీదికి తెచ్చినప్పుడు మళ్లీ కదిలాయంటే, అది ఎక్స్‌వేలాండ్ అనే వంతెన మీదుగా నడుస్తోందని గుర్తు. పాతవాటిని కొత్త చోట బతికిస్తున్నది ఆ వంతెనే.

వేలాండ్‌ను 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టారు. అందులో ఎవరి విండో వాళ్లదే. తెర మొత్తం కావాలంటే ప్రోగ్రామ్ అనుమతి అడగాలి, ఏ తెర, ఏ విండో చూపించాలో మీరు ఎంచుకోవాలి, అప్పుడు పైప్‌వైర్ అనే, వీడియో చేరవేసే ప్రోగ్రామ్ ద్వారా ఆ బొమ్మ అందుతుంది. మీ రికార్డర్‌కి అలా అడగడం రాదు, అందుకే నలుపు. ప్రింట్ స్క్రీన్ కీ నొక్కి వీడియో గుర్తు ఎంచుకుంటే ఉబుంటు సొంత రికార్డర్ వస్తుంది. వివరంగా పాఠాలు చేసుకోవాలంటే ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో 'స్క్రీన్ క్యాప్చర్ (పైప్‌వైర్)' పెట్టుకోండి.

నా మాటగా వేలాండ్‌లోనే ఉండండి. రికార్డర్ ఒక్కదాని కోసం వెనక్కి వెళ్లొద్దు. ఉబుంటు 25.10 నుంచి గేర్‌లో ఎక్సార్గ్ మాటే లేదు, రెడ్‌హ్యాట్ కంపెనీ తన ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10వ వెర్షన్‌లో ఎక్సార్గ్ సర్వర్‌నే తీసేసింది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లు మాత్రం డ్రైవర్ 555 గానీ, ఆ తర్వాతిది గానీ ఉందో లేదో చూసుకోండి. పాత డ్రైవర్లతో విండోలు మినుకుమినుకుమనేవి, 2024లో వచ్చిన ఆ డ్రైవర్‌తో చాలావరకు సర్దుకుంది.

ప్రశ్న: 14 అంగుళాల 4కే ల్యాప్‌టాప్‌కి మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ తగిలించాను. ఒకదాంట్లో అక్షరాలు చీమల్లా, రెండోదాంట్లో ఏనుగుల్లా ఉన్నాయి.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎక్సార్గ్‌లో ఉన్నట్టున్నారు. ఎన్ని మానిటర్లున్నా ఎక్స్ వాటిని కలిపి ఒకే పెద్ద తెరగా చూస్తుంది, కాబట్టి దేని సైజు దానికి విడిగా పెట్టడం అక్కడ పెద్ద తలనొప్పి. వేలాండ్‌లోకి మారి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి ల్యాప్‌టాప్‌కి 200 శాతం, మానిటర్‌కి 100 శాతం పెట్టండి. ఒకటో రెండో పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు కాస్త మసకగా కనిపించవచ్చు. అవి పైన చెప్పిన వంతెన మీద నడిచేవి.

ప్రశ్న: కంప్యూటర్ ఆన్ కాగానే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చేలా స్టార్టప్‌లో సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్ పెట్టుకున్నాను. కొత్త ఉబుంటులో పనిచేయట్లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అది ఎక్స్‌కి చెప్పే కమాండ్. వేలాండ్‌లో కీబోర్డు పెత్తనం డెస్క్‌టాప్‌దే. ఆ లైను తీసేసి, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు చేర్చండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారుతుంది. తెలుగే ముందు రావాలంటే ఆ జాబితాలో దాన్ని పైకి లాగండి.