కార్నెల్‌కా, ఆస్టిన్ ఆనర్స్‌కా?

డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయికి కార్నెల్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్‌లో ట్యూరింగ్ స్కాలర్స్ ఆనర్స్ (కంప్యూటర్ సైన్స్ పిల్లల్లో కొద్దిమందిని ఏరి విడిగా చెప్పే చదువు) కూడా వచ్చింది. కార్నెల్‌లో ఫీజు సాయం రాలేదు. కానీ అది ఐవీ లీగ్, అప్లై చేసినవాళ్లలో 8 శాతం మందికే సీటు ఇస్తారు. ఆస్టిన్‌లో దాదాపు 30 శాతం మందికి ఇస్తారంట. గుంటూరులో మా నాన్నగారికి ట్యూరింగ్ అంటే ఏంటో కూడా తెలీదు. పిల్లేమో ఆస్టిన్ అంటోంది, వెనక తమ్ముడు కూడా ఉన్నాడు. మే 1 లోపు చెప్పాలి, ఇంట్లో ఒకటే టెన్షన్. ఏది గొప్పదండీ?"

ముందు మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి, ఈ రెండూ ఒకేసారి రావడం మామూలు విషయం కాదు. ఇక సూటిగా చెప్పేస్తాను, మీ స్థానంలో ఉంటే నేను ఆస్టిన్‌కే పంపిస్తాను.

మిమ్మల్ని కంగారు పెడుతున్న ఆ 30 శాతం సంగతి చూద్దాం. టెక్సస్‌లో 1997లో ఒక చట్టం వచ్చింది, స్కూల్లో పై 10 శాతంలో ఉన్న పిల్లలకి స్టేట్ యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. ఆస్టిన్‌కి తాకిడి ఎక్కువై ఆ గీత 6 శాతానికి, ఇప్పుడు 5 శాతానికి దిగింది, రాష్ట్రం పిల్లల సీట్లలో 75 శాతం దాకా ఈ దారిలోనే నిండుతాయి. అయితే ఖాయమయ్యేది యూనివర్సిటీలో సీటే, కోరిన బ్రాంచి కాదు. ఆ గీత లోపల ఉండి కూడా కంప్యూటర్ సైన్స్ దొరకని పిల్లలు మీ ఊళ్లోనే కనిపిస్తారు. నర్సింగ్, మ్యూజిక్, ఇంజినీరింగ్ అన్నీ కలిపిన సగటు ఆ 30. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ మొత్తం సగటు ఎవరైనా చూస్తారా? ఆ కాలేజీ సీఎస్‌ఈ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూస్తాం. ఇక్కడా అంతే, పైగా మీ అమ్మాయి కంప్యూటర్ సైన్స్ గడప దాటాక మళ్లీ ట్యూరింగ్ గడప కూడా దాటింది. అయినా ఎంతమందిని వెనక్కి పంపారన్న అంకెని బట్టి లోపల ఏం చెబుతారో తెలియదు కదా, ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ కూడా 2018లో దాన్ని లెక్కలోంచి తీసేసింది. ఐవీ లీగ్ అన్నది కూడా 1954లో 8 కాలేజీలు ఆటల పోటీల కోసం పెట్టుకున్న కూటమి పేరే.

మరి లోపల ఏముంది? ట్యూరింగ్ పిల్లలకి డేటా స్ట్రక్చర్స్, ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటి ముఖ్యమైన కోర్సులకి విడిగా ఆనర్స్ సెక్షన్లు ఉంటాయి, చివర్లో ఒక ప్రొఫెసర్ దగ్గర థీసిస్ రాయాలి. 50 వేలు దాటిన యూనివర్సిటీలో ఒక చిన్న జట్టుతో కలిసి చదువుకోవడం, అదే సమయంలో ఆ పెద్ద డిపార్ట్‌మెంటు ల్యాబులన్నీ అందుబాటులో ఉండటం, ఇది నిజంగా అరుదైన అవకాశం. ఆనర్స్ అని పేరున్నవన్నీ ఇలా ఉండవు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. పెన్ స్టేట్ యూనివర్సిటీలోని ష్రేయర్ ఆనర్స్ కాలేజీ లాంటి చోట కూడా థీసిస్ తప్పనిసరి, కొన్ని చోట్ల మాత్రం ఆనర్స్ అంటే కోర్సుల రిజిస్ట్రేషన్‌లో ముందు వరస, కాస్త మంచి హాస్టల్, రెండు మూడు సెమినార్లు, అంతకుమించి ఏమీ ఉండదు. అలాంటి ఆనర్స్ అయితే నా జవాబు వేరేగా ఉండేది.

కార్నెల్‌ని తక్కువ చేయడం లేదు, అక్కడి కంప్యూటర్ సైన్స్ దేశంలో మొదటి వరసలోదే. 2023లో రాజ్ చెట్టీ, డెమింగ్, ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు ఐవీ కాలేజీలతో పాటు ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ లాంటి మరికొన్నిటిని కలిపి, అక్కడ చదివినవాళ్లు తర్వాత ఎలా ఉన్నారో చూశారు. అదే స్థాయి పిల్లలు పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో చదివినా సగటు సంపాదనలో పెద్ద తేడా కనిపించలేదు, కానీ అత్యధికంగా సంపాదించే 1 శాతంలో చేరే అవకాశం, పేరున్న సంస్థల్లో, పెద్ద గ్రాడ్యుయేట్ స్కూళ్లలో అడుగుపెట్టే అవకాశం ఐవీ లాంటి చోట్లే బాగా ఎక్కువ. కాబట్టి మీ అమ్మాయి మనసు న్యూయార్క్ ఫైనాన్స్ వైపు ఉంటే ఆ పేరుకి విలువుంది, మళ్లీ ఆలోచించండి. సాఫ్ట్‌వేర్, రీసెర్చ్ అయితే ఆస్టిన్ నుంచి వెళ్లలేని చోటు నాకు కనబడటం లేదు.

డబ్బు మాటకొస్తే, కార్నెల్ ఏడాదికి అన్నీ కలిపి 90 వేల డాలర్లు దాటుతుంది, టెక్సస్ వాళ్లకి ఆస్టిన్ 30 వేల చుట్టూ అవుతుంది. 4 ఏళ్లకి తేడా 2 లక్షల 40 వేలు, అదీ మీరు టాక్స్ కట్టాక మిగిలిన జీతంలోంచి. ఐవీ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, ఇంటి ఆదాయం చూసే సాయం చేస్తాయి, కాబట్టి వచ్చే ఏడాది ఏదో తగ్గుతుందని ఎదురుచూడకండి. రేపు తమ్ముడి చదువు కూడా ఈ జీతంలోంచే కదా.

నాన్నగారికి ఫోన్ చేసి, ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ వచ్చిన పిల్లల్లోంచి మళ్లీ ఏరి విడిగా చదువు చెప్పే జట్టులోకి మనవరాలిని తీసుకున్నారని చెప్పండి, ఆయనకి ఇట్టే అర్థమవుతుంది. మే 1 కంటే ముందు డిపార్ట్‌మెంటుకి ఒక మెయిల్ వెళ్లాలి: ట్యూరింగ్‌లో కొనసాగడానికి జీపీఏ ఎంత ఉండాలి, చేరినవాళ్లలో ఎంతమంది థీసిస్ దాకా వెళ్తున్నారు, మొదటి ఏడాదిలోనే ల్యాబులో పని దొరుకుతుందా అని. ఆ మెయిల్ మీరు రాయొద్దు, అమ్మాయి చేతే రాయించండి.